ఖాళీగా తిరిగిరాని పెట్టె

నేను ఒక పెట్టెను. బట్టల పెట్టెను కాను, నగల పెట్టెను అసలే కాను. మనుషుల్ని వాళ్ళ ఇంటి దగ్గర్నుంచి సమాధుల తోటదాకా మోసుకెళ్ళే పెట్టెను. ఈ మాట వినగానే కొందరు పేజీ తిప్పేస్తారని నాకు తెలుసు. నా పక్కగా నడవాల్సి వస్తే పిల్లల్ని అవతలికి లాక్కునే తల్లుల్ని చాలామందిని చూశాను. వాళ్ళ మీద నాకు కోపం లేదు. ఎప్పటికైనా నాలో పడుకోవాల్సినవాళ్ళే కదా అని లోపల్లోపల నవ్వుకునేదాన్ని. తర్వాత తర్వాత ఆ నవ్వూ పోయింది, వాళ్ళు బందరు నుంచి కొత్త పెట్టెలు తెప్పించుకోవడం మొదలుపెట్టారు.

మాది దివిసీమలో సముద్రానికి దగ్గరగా ఉన్న నల్లలంక పేట. పేటంతటికీ ఒకే క్రైస్తవ సంఘం, ఒకే మందిరం. మందిరం వెనక రేకుల వసారాలో నా చోటు. మిగతా పెట్టెలు మనిషితోపాటు మట్టిలోకి వెళ్ళిపోతాయి. నేను వెళ్ళను, నేను పేటకు ఉమ్మడి. కొత్త తెల్లగుడ్డలో చుట్టిన మనిషిని నవారు పట్టీల మీద నాలో పడుకోబెడతారు. గొయ్యి దగ్గర ఆ పట్టీలతోనే పైకెత్తి కిందికి దించుతారు. తర్వాత నన్ను చక్రాల బండి మీద వెనక్కి తెచ్చేస్తారు. ఎందరిని మోశానో లెక్క పెట్టుకోలేదు. ఒక్కరూ నాతో ఉండిపోలేదు, అయినా ఒక్కరూ పూర్తిగా నన్ను వదిలిపోలేదు.

పెట్టెను కాకముందు నేను తలుపును. నిజానికి పెట్టెలో నా వంతు మూత మాత్రమే. పక్క చెక్కలు మందిరంలో పిల్లలు కూర్చునే బల్లలవి, అడుగు చెక్క అయ్యగారు నిలబడి ప్రసంగం చెప్పే వేదికది. అయితే జ్ఞాపకాలున్నది నాకే కాబట్టి అందరి తరఫునా నేనే మాట్లాడుతున్నాను. పంచాయతీల్లో కూడా ఇంతే కదా, గుర్తున్నవాడిదే మాట.

నన్ను చేసింది జక్కరయ్య. మిషను బడిలో వడ్రంగం నేర్చుకున్న మనిషి. పేటవాడి చేత ఊళ్ళోవాళ్ళు ఇంటి తలుపులు చేయించుకునే రోజులు కావవి. అందువల్ల అతని పనితనమంతా దేవుడికే దక్కింది. ముదురు వేపచెక్కతో మందిరానికి రెండు రెక్కల తలుపు చేశాడు. కుడి రెక్కను నేను. ఒక వైపు నీలం రంగు వేసి, మధ్యలో చెయ్యి పట్టేటంత ఇనుప రింగు బిగించాడు. పెళ్ళిళ్ళు చూశాను, బాప్తిస్మాలు చూశాను, ప్రసంగం ఎక్కువైనప్పుడు రింగు పట్టుకుని ఊగే పిల్లల్ని భరించాను. నా మొదటి బతుకు సుఖంగానే గడిచింది.

డెబ్బై ఏడులో ఉప్పెన వచ్చింది. పొద్దుటి నుంచీ వీస్తున్న గాలికి భయపడి పేట జనం మందిరంలో చేరారు. లోపలికొచ్చి నన్ను మూసి గడియ పెట్టారు. సముద్రాన్ని ఆపమని ఒక తలుపును నమ్ముకున్న మనుషులు వాళ్ళు. చీకటి పడకముందే నీళ్ళు వచ్చాయి. ఎడమ రెక్క ఎటు పోయిందో ఇప్పటికీ తెలియదు. నేను నీలం వైపు పైకి ఉండేలా తేలాను. నా చుట్టూ బర్రెలు, కప్పులు, మనుషులు అన్నీ కలిసి కొట్టుకుపోతున్నాయి.

ఆ నీళ్ళలో ఎవరో ఒక చిన్నపిల్లను నా మీదికి తోశారు. జక్కరయ్య కూతురు దీనమ్మ, అప్పటికి బడిలో చేరిన కొత్త. తోసింది తల్లి రాహేలు. జక్కరయ్య ఆ రోజు పని మీద అవనిగడ్డలో చిక్కుపడిపోయాడు. పిల్ల రెండు చేతులతో రింగు పట్టుకుంది. రాహేలు కూడా పైకి ఎక్కబోయింది. నేను ఆ పక్కకు ఒరిగాను, పిల్ల మొహం నీళ్ళలోకి పోయింది. రాహేలు వెంటనే కిందికి జారింది. ఇంకోసారి ప్రయత్నించింది. మళ్ళీ అంతే. ఆ తర్వాత ఎక్కాలని చూడలేదు, అంచు దగ్గర నా మీద గోళ్ళు దించి పట్టుకుంది. తను పట్టుకున్న వైపు నేను కొద్దికొద్దిగా కిందికే పోతున్నాను. అలా ఎంతసేపు ఉందో చెప్పలేను. బిడ్డతో మాట్లాడుతూనే ఉంది.

"రింగు వదలమాక దీనా. నా వంక సూడమాక. రింగే సూడు."

అల వచ్చినప్పుడల్లా ఆ వేళ్ళు వెనక్కి జరిగి మళ్ళీ దిగబడేవి. తడిసిన చెక్కలో నాలుగు గీతలు పడ్డాయి. ఒక సమయానికి నా మీద బరువు తగ్గింది. నేను తిన్నగా, తేలిగ్గా పైకి లేచాను. ఆ తేలికదనం ఇంకా నాలోంచి పోలేదు. నన్ను మోసేవాళ్ళు ఇప్పటికీ మొహమొహాలు చూసుకుంటారు, లోపల మనిషి ఉన్నా పెట్టె ఇంత తేలికేంటని.

కాలవ గట్టున జనం పిల్లను దించారు. రింగు నుంచి చేతులు విడిపించడానికి చాలా కష్టపడ్డారు. రెండు వేళ్ళ గోళ్ళు ఊడిపోయాయి. మళ్ళీ వచ్చినప్పుడు అవి వంకరగానే వచ్చాయి. "అమ్మ సెయ్యి జారిపోయింది" అని చెప్పింది దీనమ్మ. అందరూ అదే అనుకున్నారు. నాకు నోరు లేదు కాబట్టి ఊరుకున్నాను.

ఉప్పెనలో పోయినవాళ్ళను చాపలు కూడా చాలక, ఉన్నపళాన, పెద్ద గోతుల్లో కలిపి పూడ్చారు. ఎవరు ఎవరి పక్కన ఉన్నారో చెప్పగలిగినవాళ్ళు లేరు. రాహేలు ఆ గోతుల్లోనూ లేదు, ఆమె దొరకలేదు. తిరిగొచ్చిన జక్కరయ్య గట్టు మీద పడి ఉన్న నన్ను చూశాడు. నా పక్కన కూర్చుని ఆ నాలుగు గీతల మీద బొటనవేలు నడిపాడు. గీతలు ఆగిన చోట వేలు ఆపాడు. మళ్ళీ మొదటికి వచ్చి మళ్ళీ నడిపాడు. చెక్క మీద గీత పడితే అది ఎలా పడిందో వడ్రంగికి ఒకరు చెప్పక్కర్లేదు.

నీళ్ళు తీశాక అతను చేసిన మొదటి పని నేను. ఇకమీదట ఈ పేటలో ఎవరూ చాప కూడా లేకుండా పోకూడదని సంఘంలో నిలబడి చెప్పాడు. మూత బిగిస్తుంటే సంఘపెద్ద ఒకాయన సలహా ఇచ్చాడు.

"నీలం రంగు బయటికుంటే బాగుంటది గదయ్యా జక్కరయ్యా."

"లోపలికే ఉండాలండి" అన్నాడు అతను.

ఎందుకో చెప్పలేదు. నాకు అర్థమైంది. రాహేలుకు సమాధి లేదు. ఎవరు పోయినా ఆమె చేతి గుర్తు వాళ్ళ మీదుగా తోటదాకా వెళ్ళి వస్తుంది. ఎన్నిసార్లు వెళ్ళిందో మరి, ఆమెను అక్కడ దించినవాళ్ళు లేరు.

ఇంకో కట్టుబాటు కూడా పెట్టాడు జక్కరయ్య. నేను తోటనుంచి ఖాళీగా తిరిగి రాకూడదు. మా సంఘంలో ఆడవాళ్ళకు అన్నం వండేటప్పుడల్లా పిడికెడు బియ్యం దేవుడికని ఒక కుండలో వేసే అలవాటు ఉంది. తిరుగు దారిలో నన్ను ప్రతి గుమ్మం ముందూ ఆపుతారు. నాలో ఉతికిన గుడ్డ పరుస్తారు. ఆడవాళ్ళు కుండ తెచ్చి ఆ బియ్యం నాలో పోస్తారు. చావు జరిగిన ఇంటి అరుగు మీద నన్ను దించితే, ఆ ఇంటివాళ్ళు నాలోంచే బియ్యం తీసి వండుకుంటారు. వాళ్ళు తిన్నాకే నన్ను మళ్ళీ వసారాకు తీసుకెళ్ళాలి. ఉప్పెన తర్వాత ఎన్నో ఇళ్ళలో బతికినవాళ్ళు పొయ్యి వెలిగించడం మర్చిపోవడం అతను చూశాడు. మనిషిని తీసుకుపోయిన పెట్టెలోనే అన్నం రావాలన్నది అతని పట్టుదల. కొత్తగా వచ్చిన కోడళ్ళు మొదట ముక్కు చిట్లించేవాళ్ళు. తమ ఇంట్లో ఎవరైనా పోయిన రోజున మాత్రం ఆ బియ్యమే కళ్ళకద్దుకుని తినేవాళ్ళు.

జక్కరయ్యను కూడా నేనే మోశాను. ఆ తర్వాత నా బాధ్యత దీనమ్మది. బాధ్యతంటే తాళం చెవి కాదు. పేటలో ఇళ్ళు ఇరుకు కాబట్టి పోయినవాళ్ళకు స్నానం నా వసారాలోనే చేయిస్తారు. ఆ పని తండ్రి నుంచి దీనమ్మ తీసుకుంది. ఎప్పుడూ వేడినీళ్ళే పోసేది. ముందు తన మణికట్టు మీద ఒంపుకుని చూసుకునేది. "సెయ్యెత్తు నాయనా. అయిపోయింది, అయిపోయింది. ఈపు ఒక్కటే ఉంది" అంటూ చంటిపిల్లలకు పోసినట్టు మాట్లాడుతూ పోసేది. మనిషి పోయాక వేడినీళ్ళెందుకని ఒకసారెవరో అడిగితే, "సల్లనీళ్ళు వొద్దు" అంది. సొంత భర్తకూ అలాగే పోసింది. ఆదివారం మందిరంలో దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యాలు చెప్పే సమయంలో దీనమ్మ ఎప్పుడూ లేచి నిలబడలేదు. ఆమె సాక్ష్యమంతా నా వసారాలోనే జరిగిపోయింది.

దీనమ్మకు ఒక్కతే కూతురు, కెజియా. ఆ పిల్ల నుంచే నాకు చెడ్డ రోజులు వచ్చాయి, అందులో ఆ పిల్ల తప్పేమీ లేదు.

కెజియా చిన్నప్పుడు తల్లి వెంట వేడినీళ్ళ బిందె మోసుకుని వసారాకు వచ్చేది. దీనమ్మ ఎవరినీ బలవంతం చేసే మనిషి కాదు, కూతుర్ని మాత్రం చేసింది. తన తర్వాత ఈ పని ఆగిపోతుందేమోనన్న భయం ఆమెను తొందరపెట్టింది. ఒక మధ్యాహ్నం ఎవరో ముసలాయనకు స్నానం చేయిస్తున్నారు. నన్ను విప్పి గోడకు ఆనించారు. ఎండ నేరుగా నా లోపలి వైపు పడింది. బిందె దించిన పిల్ల తలెత్తి చూసింది. నీలం రంగును చీల్చుకుని నాలుగు గోళ్ళ గీతలు. శవపెట్టె మూతకు, లోపలి వైపు.

"అమ్మా, ఇయ్యేంటి? ఎవరు గీకారు?"

దీనమ్మ చేతిలో చెంబు ఆగింది. ముసలాయన భుజం మీద నీళ్ళు పోసి, "సెయ్యెత్తు నాయనా" అంది.

పిల్ల తనకు తానే జవాబు చెప్పుకుంది. ఎవరినో చనిపోయారనుకుని ఈ పెట్టెలో పడుకోబెట్టారు. వాళ్ళు లోపల లేచారు. మూత తియ్యమని గీకారు. తియ్యలేదు. మీరైనా, ఆ వయసులో, ఇంకేమనుకుంటారు? ఆ మాట బడిలో ఒక స్నేహితురాలికి చెప్పింది. ఆదివారం వచ్చేసరికి పేటంతా పాకింది. పెద్దవాళ్ళు పిల్లల్ని కసిరారు, కసిరి వాళ్ళు కూడా ఒకసారి వచ్చి నా లోపలికి తొంగి చూసి వెళ్ళారు. చూసినవాళ్ళు మళ్ళీ నా దగ్గరికి రాలేదు. లేచినవాళ్ళ గురించి ప్రతి ఈస్టరుకూ సంతోషంగా పాడే మనుషులు, ఒక పెట్టెలో ఎవరో లేచారనగానే హడలిపోయారు.

ఆ పుకారు చెరపడానికి దీనమ్మ ఒక్క మాట చెబితే చాలు. చెప్పలేదు. రింగును రెండు చేతులతో పట్టుకున్నానని, ఒక చెయ్యి అమ్మకు ఇచ్చి ఉంటే జారకపోయేదని ఆమె లోపల దిగులు. ఉప్పెన మాట ఎత్తితే ఆ మాటా ఎత్తాలి. జక్కరయ్యకు అసలు సంగతి తెలుసు. అది చెబితే బిడ్డ మీద ఇంకా పెద్ద బరువు పడుతుందని అతనూ చెప్పకుండానే పోయాడు. కెజియాకేమో భయం. ముగ్గురూ అవే నాలుగు గీతలు చూశారు, మూడు రకాలుగా నోరు మూసుకున్నారు. మనుషులకు నోళ్ళు ఎందుకిచ్చారా అని నేను అప్పుడప్పుడు ఆలోచిస్తుంటాను.

ఇత్తడి పిడులున్న పెట్టెలు బందరు నుంచి రావడం మొదలైంది. బతికున్నన్నాళ్ళూ గుమ్మానికి గోనెపట్టా తప్ప తలుపు లేని మనిషి కూడా ఇత్తడి పిడుల పెట్టెలో దర్జాగా వెళ్ళాడు. వాటితోపాటే బియ్యం ఆగిపోయింది, మట్టిలోకి వెళ్ళిన పెట్టెలో బియ్యం ఎలా వస్తుంది? కొత్తగా వచ్చిన అయ్యగారు మంచివాడే, పెట్టెలో బియ్యం ఆరోగ్యానికి మంచిది కాదమ్మా అని నెమ్మదిగా చెప్పాడు. నాలో క్రిస్మసు నక్షత్రాలు, మైకు తీగలు దాచారు. కొంతకాలం పండగ పెట్టెగా బతికాను.

కెజియా చదువు ఆపి, విజయవాడలో బట్టల షాపులో పనికి కుదిరింది. వెళ్ళే ముందు దీనమ్మ ఆమెను నా దగ్గరికి తీసుకొచ్చింది.

"నా తర్వాత దీన్ని నువ్వే సూసుకోవాలే, కెజియా."

"నా వల్ల కాదు. నాకు దీన్ని చూస్తే ఒంట్లో వణుకు."

"దేవుడి పనమ్మా."

"నువ్వు చచ్చిపోయినోళ్ళతో మాట్లాడతావు. వాళ్ళకి నీళ్ళు చూసి పోస్తావు. నాతో ఎన్నడన్నా ఒక్క మాట నిమ్మళంగా మాట్లాడావా? ఇదేనా దేవుడి పని?"

కూతురు బస్సెక్కి వెళ్ళిపోయింది. పట్నంలో ఏ మందిరానికీ పోవడం లేదని ఎవరో వచ్చి చెబితే, దీనమ్మ నా మీద దుమ్ము తుడుస్తూ చాలాసేపు ఉండిపోయింది. "నేను సరిగ్గా ఇయ్యలేకపోయా" అంది, నాతోనో ప్రభువుతోనో. ఆ రోజు నాకు నోరు లేకపోవడం చాలా కష్టంగా అనిపించింది.

మొన్న చలికాలంలో దీనమ్మ కాలవ దగ్గర బట్టలు ఉతుకుతూ ఒరిగిపోయింది. కెజియా పొద్దుటి బస్సుకు దిగింది. సంఘపెద్ద ఏలీషాగారు అప్పటికే బందరు నుంచి మంచి పెట్టె తెప్పించాడు. "మనందర్నీ సాగనంపిన మనిషి. దర్జాగా పంపుదాం" అన్నాడు, మనస్ఫూర్తిగానే. కెజియా తల ఊపింది. నా వంక చూడకుండా ఆ పెట్టె వంకే చూసింది.

దీనమ్మను వసారాలో బల్ల మీద పడుకోబెట్టారు. అప్పుడు ఆడవాళ్ళంతా ఆగిపోయారు. ఇన్నాళ్ళూ ఎవరు పోయినా స్నానం చేయించింది దీనమ్మ. ఆమెకు చేయించేది ఎవరో ఏనాడూ ఎవరూ అనుకోలేదు. ఒకరి వెనక ఒకరు సర్దుకున్నారు. ఉన్న చీర మీదే కొత్త చీర కప్పేద్దామని ఎవరో గొణిగారు. చివరికి ఒకామె బకెట్టుతో నీళ్ళు తెచ్చి పెట్టింది. కెజియా ఆ నీళ్ళలో చెయ్యి పెట్టి తీసేసింది.

"చన్నీళ్ళు. కాచండి."

"ఇప్పుడు ఏవయితే ఏవుందిలేమ్మా" అంది తెచ్చినామె.

"మా అమ్మకి చన్నీళ్ళు వద్దు."

కాగిన నీళ్ళు వచ్చాక ఆమె మణికట్టు మీద ఒంపుకుని చూసుకుంది. అలా చూసుకుంటున్న సంగతి ఆమెకు తెలుసని నేననుకోను. తనే మొదలుపెట్టింది. మాట్లాడలేదు, పెదవులు బిగించి పోస్తోంది. కుడి చెయ్యి ఎత్తి వేళ్ళు కడుగుతూ వంకర గోళ్ళ దగ్గర ఆగింది. పక్కన సంతోషమ్మ నిలబడి ఉంది. రాహేలుకు చెల్లెలు, కెజియాకు చిన్నమ్మమ్మ.

"చిన్నమ్మమ్మా, ఈ గోళ్ళు ఎట్టా పోయినియ్యి? ఎప్పుడడిగినా చిన్నప్పుడు దెబ్బ అనేది."

సంతోషమ్మ పైటకొంగుతో మొహం తుడుచుకుంది. "నీకు సెప్పమాకన్నది మీయమ్మ. నా సేత ఒట్టేయించుకుంది. ఇంక ఎవురి కోసం దాయమంటావు?" అని నా వైపు చెయ్యి చూపించింది. "ఉప్పెన్లో దాని లోపలున్న రింగు పట్టుకుని బతికిందే. ఆ మూతే మందిరం తలుపు. లోపలున్నయ్యి మా అక్కయి. నీ అమ్మమ్మ గోళ్ళు. సెయ్యి జారి పోయింది పిచ్చిది. తనొక సెయ్యి ఇచ్చుంటే జారేది కాదని మీయమ్మ దిగులు."

కెజియా చెంబు కింద పెట్టింది. నా దగ్గరికి నడిచొచ్చి, నాలోని మైకు తీగలూ నక్షత్రాలూ తీసి పక్కన పెట్టి, మూతను గోడకు ఆనించింది. చిన్నప్పుడు చూసిన చోటే మళ్ళీ చూసింది. ఇప్పుడు ఆమె వయసు, ఆ రోజు రాహేలు వయసు ఒకటే. నాలుగు వేళ్ళు తెచ్చి నాలుగు గీతల్లో పెట్టింది. సరిపోయాయి. నెమ్మదిగా కిందికి లాగింది. గీతలు అయిపోయాయి, వేళ్ళు ఆగాయి. కింద అంచు వరకు ఇంకా జానెడు చెక్క నున్నగా ఉంది, రంగు కూడా చెదరలేదు. ఆమె మళ్ళీ మొదటికి వెళ్ళి మళ్ళీ లాగింది. నా మీద ఇంతకుముందు అలా వేలు నడిపింది జక్కరయ్య ఒక్కడే.

"జారలేదు చిన్నమ్మమ్మా" అంది. "జారితే గీత అంచుదాకా వస్తది. ఇది మధ్యలోనే ఆగింది. అమ్మమ్మ వదిలేసింది. అమ్మ మునగకుండా."

సంతోషమ్మ బల్ల కాళ్ళ దగ్గర కూలబడింది. కెజియా తల్లి దగ్గరికి వెళ్ళి ఆ చెవి దగ్గర వంగింది. "విన్నావా అమ్మా? నువ్వు చెయ్యి ఇచ్చినా తీసుకునేది కాదు" అంది. నేను ఇన్నేళ్ళూ మోసిన మాట ఒకటి నాలోంచి దిగిపోయింది. వినాల్సిన మనిషికి వినపడని రోజున దిగింది, అదొక్కటే నా బాధ. కెజియా చెంబు తీసుకుంది. "చెయ్యెత్తమ్మా" అంటూ మిగతా స్నానం పూర్తి చేసింది.

దీనమ్మ నాలోనే వెళ్ళింది. ఏలీషాగారు కాస్త చిన్నబుచ్చుకున్నా, బండికి ముందు చెయ్యి వేసింది ఆయనే. బందరు పెట్టె వసారాలో ఉండిపోయింది. తోటలో కూతురు నవారు పట్టీ ఒక కొస తనే పట్టుకుని దించింది. తిరుగు దారిలో సంతోషమ్మ తన గుమ్మం ముందు బండి ఆపించి కుండ తెచ్చి నాలో ఒంపింది. మిగతా గుమ్మాల్లో ఆడవాళ్ళు నిలబడ్డారు గానీ కదల్లేదు. కొందరు పిడికెడు బియ్యం మానేసి ఏళ్ళయింది, కొందరికి ఇంకా భయమే. నేను దాదాపు ఖాళీగా దీనమ్మ ఇంటి అరుగు మీద దిగాను. కెజియా ఆ కాస్త బియ్యమే వండుకుని, సగం తిని, సగం అలాగే చూస్తూ కూర్చుంది. తిన్నాక నన్ను వసారాకు తీసుకెళ్ళాల్సింది దీనమ్మ. కాబట్టి నేను అక్కడే ఉండిపోయాను.

పోయినవాళ్ళ ఇంట్లో సంఘం జరిపే ఆదరణ కూడిక అయిన మర్నాడు ఆమె సంచి సర్దుకుంది. బస్సుకు బయల్దేరబోతుంటే అరుగు కింద ఒకతను వచ్చి నిలబడ్డాడు. కాలవ గట్టున గుడారం వేసుకుని బాతులు మేపుకునే నెల్లూరు వైపు మనిషి.

"అమ్మా, పెట్టె ఇస్తారంట గదా. మాయమ్మ పోయింది పొద్దన. మేం మీ మతమోళ్ళం కాదు."

కెజియా నా వైపు చూసింది. "పెట్టె తీసుకెళ్ళండి. అందరికీ ఉమ్మడే."

అతను కదల్లేదు. "నీళ్ళు పోసే ఆడోళ్ళు లేరమ్మా మాకు. నా పెళ్ళానికి నెలలు నిండినయ్. ఇక్కడొకామె ఉండేదన్నారు."

ఆమె ఉండేది. ఆ మాట విన్న కెజియా ముఖం నేను చూశాను. భయం పోలేదు. నేను అబద్ధం చెప్పను, ఆమె ఒంట్లో ఆ వణుకు ఇప్పటికీ ఉంది. సంచి అరుగు మీద పెట్టింది, కొంగు బిగించింది. "నీళ్ళు కాచి పెట్టమను. వస్తున్నా" అంది.

ఆ ముసలమ్మ నాలో చాలా తేలిగ్గా వెళ్ళింది. కెజియాకు ప్రార్థన నోటికి రాలేదు. స్నానం చేయిస్తూ మాత్రం చిన్నప్పుడు తల్లి కూనిరాగం తీసే కీర్తన ఒకటి పదాలు లేకుండా పాడింది. తిరుగు దారిలో మొదటి గుమ్మం ముందు బండి ఆపించి, నా మూత తీసి, లోపలి వైపు వీధికి తిప్పి పట్టుకుంది.

"చూడండి. లేచి గీకినోళ్ళెవరూ లేరు. చిన్నప్పుడు తెలియక నేనే అన్నా ఆ మాట. ఇది మా అమ్మమ్మ చెయ్యి. కూతురు బతకాలని వదిలేసిన చెయ్యి." మూత దించకుండానే ఇంకో మాట అంది. "గట్టు మీద ఒక ఇంట్లో పొయ్యి వెలగలేదు."

అరిచి చెప్పలేదు. ఒక గుమ్మంలోంచి ఒకామె లోపలికి వెళ్ళింది. తలుపేసుకుంటుందేమో అనుకున్నాను. చేటలో బియ్యంతో వచ్చింది. పక్కింటామె కుండ వెతుక్కుంటూ పరిగెత్తింది. పిడికెడు మానేసినవాళ్ళు డబ్బాలోంచే తీసుకొచ్చారు. వీధి చివరికి వచ్చేసరికి బండి నడిపేవాళ్ళకు వంపు దగ్గర ఆయాసం పట్టింది. ఉప్పెన తర్వాత నేను అంత బరువుగా ఉండటం అదే మొదటిసారి.

కెజియా పట్నంలో పని మానలేదు. ఎవరైనా పోతే సంతోషమ్మ ఫోను చేస్తుంది, ఆమె బస్సెక్కి వస్తుంది. ఆదివారాలు కొన్ని వస్తుంది, కొన్ని రాదు. వచ్చిన రోజున మందిరంలో చివరి బల్ల మీద కూర్చుంటుంది. నేను ఇప్పుడు ఆ ఇంటి అరుగు మీదే ఉంటున్నాను. వాన పడితే నాకు ఇంకా ఆ నీళ్ళు వినిపిస్తాయి, రింగే చూడమన్న ఆ గొంతు వినిపిస్తుంది. అవి పోతాయని నేను ఆశ పెట్టుకోలేదు.

మొన్న వెళ్ళబోయే ముందు ఆమె నన్ను తడిగుడ్డతో తుడిచింది. గీతల్లో వేలు పెట్టి ఒక్కొక్కటిగా తుడిచింది. అడుగు చెక్క సందులో కొన్ని బియ్యపు గింజలు ఇరుక్కుని ఉన్నాయి. పుల్లతో తీద్దామని వంగింది. గింజలనూ, పైన మూతలో ఉన్న చేతి గుర్తునూ ఒకసారి చూసింది. పుల్ల పక్కన పడేసి, గింజల్ని అక్కడే ఉంచి, మూత వేసి వెళ్ళింది.